పాలకొల్లు, నరసాపురం: కాలువ వెంట నడుస్తూ రెండు రోజుల్లో చూడటం ఎలా

శని, ఆదివారాలు ఖాళీ దొరికితే గోదావరి డెల్టాలో నడిచి చూడదగ్గ ఊరు ఏదని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కారు మాట్లాడుకుని రోజుకి పది గుళ్ళు చుట్టే ఓపిక లేదు, రిసార్టులో కూర్చుని కొబ్బరి చెట్లు చూసే ఉద్దేశమూ లేదు, కాలువ పక్కన ఊరంటే ఎలా ఉంటుందో నడిచి తెలుసుకోవాలి అంటారు. అలాంటి వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ఒక రోజు పాలకొల్లు, మరో రోజు నరసాపురం.

రెండిటి మధ్య దూరం పది కిలోమీటర్లు. రెండిటినీ కలిపేది నరసాపురం కాలువ. ఎక్కాల్సిన కొండ లేదు, గుట్ట లేదు, నేలంతా బల్లపరుపు. బస్సులు, ఆటోలు, రైలు అన్నీ ఉన్నాయి కాబట్టి కాళ్ళు మొరాయిస్తే మధ్యలో ఆపేసి ఎక్కేయొచ్చు. పైగా కాలువలు తవ్వకముందే ఇవి పేరున్న ఊళ్ళు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు పాలకొల్లులో గుడ్డల వ్యాపారం పెట్టారు. నరసాపురంలో ఆ రోజుల్లో ఓడలు కట్టేవారు. 1824 ఒప్పందంతో మన దేశంలోని డచ్చివాళ్ళ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. ఆ తర్వాత కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. దాని పడమటి చివర విజ్జేశ్వరం దగ్గర బయల్దేరే నీళ్ళే మీరు పాలకొల్లులో చూసే నీళ్ళు. చరిత్ర ఇంతవరకు తెలిస్తే నడకకి సరిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పిల్లలకి సెలవులని మే నెలలో వస్తారు. డెల్టా కాలువలు ఏడాది పొడుగునా పారవు. మరమ్మతుల కోసం సాధారణంగా ఏప్రిల్ మధ్యలో కట్టేస్తారు, జూన్ మొదట్లో మళ్ళీ వదులుతారు. మేలో వస్తే మీకు కనిపించేది ఎండిన అడుగు, దాంట్లో ప్లాస్టిక్ సంచులు, అక్కడక్కడా పొక్లెయిన్. ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. లాకులు (కాలువకి అడ్డంగా ఉండే నీటి తలుపులు), తూములు, పాత కట్టుబడి చూడాలన్న పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం అదే మంచి సమయం. నీళ్ళుంటే కనపడని పునాదులన్నీ అప్పుడు బయటపడతాయి.

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా బాగుంటుంది. ఆ రోజుల్లోనూ రెండు సందర్భాలు తప్పించుకోండి. ఒకటి కార్తీక మాసంలో ఆది, సోమవారాలు. పాలకొల్లు క్షీరారామం పంచారామాల్లో ఒకటి. ఐదు గుళ్ళనీ ఒకే రోజు చూపించే బస్సులు బారులు తీరతాయి, గుడి చుట్టుపక్కల వీధుల్లో నడవటానికి చోటుండదు. రెండోది సంక్రాంతి. పందేల కోసం వచ్చిన జనంతో భీమవరం నుంచి నరసాపురం దాకా లాడ్జి గది దొరకదు, దొరికినా రేటు వింటే కళ్ళు తిరుగుతాయి. ఇక జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదలొచ్చే కాలం. కాలువ నిండుగా, అందంగా ఉంటుంది గానీ వరద ఎక్కువైతే నరసాపురంలో పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు, గట్టు మీద బురద మడమ దాటుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ నడక ఆలోచన పెట్టుకోకండి.

కావలసినవి

పట్టీ ఉన్న పాత చెప్పులు. బూట్లు వేసుకొస్తే గుడి దగ్గర, రేవు దగ్గర విప్పడం, తొడుక్కోవడంతోనే సరిపోతుంది. హవాయి చెప్పులైతే బురదలో తెగుతాయి.

గొడుగు. వానకంటే ఎండకే ఎక్కువ పనికొస్తుంది. గట్టు మీద కుక్కలు మొరిగితే చేతిలో ఏదో ఒకటి ఉందన్న ధైర్యమూ ఉంటుంది.

లీటరు నీళ్ళ సీసా, తువ్వాలు, దోమల క్రీము. సాయంత్రం ఐదున్నర దాటితే క్రీము లేకుండా కాలువ దగ్గర నిలబడలేరు.

చిల్లర. ఫోన్‌పే అన్నిచోట్లా నడుస్తుంది గానీ పంటు దగ్గర, షేర్ ఆటోలో పది, ఇరవై నోట్లుంటే పని త్వరగా అవుతుంది.

ఫోన్‌లో రెండు ఊళ్ళ మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అది దేనికో మొదటి మెట్టులో చెబుతాను.

మోకాళ్ళు దాటే బట్టలు. గుళ్ళకీ పనికొస్తాయి, గట్టు మీద గడ్డికీ పనికొస్తాయి.

నడక

1. ముందురోజు రాత్రి మ్యాపులో నీళ్ళు గుర్తుపట్టండి.

చూడాల్సిన చోట్ల జాబితా రాసుకోవడం కాదు, ముందు నీలం గీతలు చూడండి. పాలకొల్లు మీదుగా కిందికి దిగి నరసాపురం వైపు వెళ్ళే గీత మీ కాలువ. నరసాపురం తూర్పున వెడల్పుగా కనిపించేది వశిష్ఠ గోదావరి. ఈ రెండూ బుర్రలో ఉంటే ఏ సందులో ఉన్నా దారి దొరుకుతుంది. ఇక్కడ దారి చెప్పేవాళ్ళు కూడా వీధి పేర్లు చెప్పరు. "వంతెన దిగి ఎడం పక్కకి", "రేవు దాటాక", "గాంధీబొమ్మల సెంటర్లో అడగండి" అంటారు. మీరూ అలాగే అడగండి. "ఫలానా రోడ్డు ఎక్కడ?" అంటే అడిగినవాళ్ళూ అడిగించుకున్నవాళ్ళూ తికమకపడతారు.

హెచ్చరిక: "ఎంత దూరమండీ?" అంటే "ఇక్కడేనండి, తిన్నగా వెళ్ళిపోండి, ఆయ్" అని ఎంతో మర్యాదగా చెబుతారు. ఆ ఇక్కడే రెండు వందల గజాలు కావచ్చు, రెండు కిలోమీటర్లూ కావచ్చు. "నడిచి ఎన్ని నిమిషాలు పడుతుందండీ?" అని అడగండి. ఇద్దర్ని అడిగితే మరీ మంచిది.

2. తెల్లారేసరికి పాలకొల్లులో ఉండండి.

హైదరాబాదు నుంచి రాత్రి బయల్దేరే నరసాపురం బండి పాలకొల్లులో ఆగుతుంది. విజయవాడ, రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్ళకి బస్సు సుఖం. సంచి లాడ్జిలో పడేసి, మొహం కడుక్కుని, ఆరింటికల్లా రోడ్డు మీద ఉండండి. తొమ్మిది దాటాక డెల్టా ఎండలో నడక చాకిరీ అయిపోతుంది. డిసెంబరులోనూ అంతే.

3. ముందు గోపురం, తర్వాత టిఫిను.

క్షీరారామలింగేశ్వర స్వామి గుడి పెదగోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగుల ఎత్తు. చుట్టుపక్కల ఇప్పుడు మేడలు లేచినా ఊళ్ళో చాలాచోట్ల నుంచి కనిపిస్తుంది. దారి తప్పితే ఫోను తీయకుండా తలెత్తి దాన్ని వెతకండి. లోపలికి వెళ్ళేముందు వీధిలో కాస్త దూరంగా నిలబడి కింది అంతస్తు నుంచి పైకి ఒక్కో వరుస చూడండి. దగ్గరికెళ్ళి చూస్తే మెడ నొప్పే మిగులుతుంది. లోపల లింగం తెల్లగా, పాలరంగులో ఉంటుంది. ఉపమన్యుడనే బాలుడి కోసం శివుడు ఇక్కడ పాలు పుట్టించాడని స్థలపురాణం. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి దర్శనం పొద్దున్నే కానిచ్చుకోండి.

టిఫినుకి దిబ్బరొట్టె అడగండి. పాలకొల్లు వచ్చి ఇడ్లీ తినడం నేరం కాదు గానీ నాకైతే నచ్చదు. మినప్పిండిలో బియ్యం రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో బొగ్గుల మీద నిదానంగా కాలుస్తారు. అంచు ఎర్రగా, కరకరలాడుతూ ఉండాలి. తుంచితే లోపల మెత్తగా, గుల్లగా, ఆవిరి కక్కుతూ ఉండాలి. తుంచినచోట పిండి వేలికి అంటుకుందంటే తొందరపడి దించేశారన్న మాట. మొహమాటపడకుండా "ఇంకాస్త కాలనివ్వండి" అని తిరిగి ఇచ్చేయండి, ఏమీ అనుకోరు. చట్నీతో తింటారు. చెరకు పానకం ఉంటే దాంతో తిని చూడండి. ఒక రొట్టె ఇద్దరికి చాలు. ఒక్కరే మొత్తం తినేస్తే ఆ పూట ఇక నడవలేరు.

4. కాలువ దగ్గరికి వెళ్ళండి, కానీ అది కాలువేనా కాదా చూసుకోండి.

ఇది ఎంతమందికి చెప్పినా తక్కువే. డెల్టాలో రెండు రకాల నీళ్ళు పారతాయి. ఒకటి పంట కాలువ, రెండోది మురుగు కాలువ. కొత్తవాళ్ళు నల్లటి మురుగు కాలువ పక్కన గంటసేపు నడిచి, "కాలువ అంటే ఇదేనా, ఎంత కంపో" అని తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. తేడా తెలుసుకోవడం చాలా సులువు. ఊరు దాటి చేలు కనిపించే చోట గట్టు మీద నిలబడి ఒకసారి నీళ్ళకేసి, ఒకసారి చేనుకేసి చూడండి. పంట కాలువలో నీళ్ళు చేనుకంటే ఎత్తులో ఉంటాయి. ఉండాలి కూడా, లేకపోతే చేలోకి ఎలా దిగుతాయి? మురుగు కాలువ చేనుకంటే పల్లంలో ఉంటుంది. చేలో మిగిలిన నీళ్ళన్నీ దాంట్లోకే దిగుతాయి. గట్టుకి అడ్డంగా చిన్న తూము, దాని నుంచి చేలోకి పోయే బోదె కనిపించిందంటే ఇక అనుమానం లేదు, అది పంట కాలువే.

తర్వాత పారుదల ఎటో చూసుకోండి. ఎండుటాకు ఒకటి నీళ్ళలో వేయండి. అది నరసాపురం వైపు కదలాలి. గుర్రపుడెక్క దట్టంగా ఉన్నచోట ఆకు కదలదు, వంతెన కింద వేసి చూడండి. నీళ్ళు కట్టేసిన రోజుల్లో వచ్చినవాళ్ళకి వేరే గుర్తుంది. లాకు తలుపులు మూసినప్పుడు రెండు రెక్కలూ కోసుగా కలుస్తాయి. ఆ కోసు ఎటు చూస్తుంటే నీళ్ళు అటునుంచి వస్తాయని అర్థం. నీటి బరువే తలుపుల్ని బిగించి పట్టాలి కదా.

5. గట్టు మీద రెండు గంటలు, తొందరపడకుండా.

ఈ నడకలో అసలైన భాగం ఇదే. ఎన్ని కిలోమీటర్లు నడిచామన్న లెక్క వదిలేయండి. వంతెన నుంచి వంతెనకి ఒక గట్టున వెళ్ళి, రెండో గట్టున తిరిగి రండి. ఒకే గట్టున వెళ్ళి అదే గట్టున వచ్చేవాళ్ళు సగం ఊరే చూస్తారు.

ఏం చూడాలి? ముందు రేవులు. కాలువలోకి దిగే మెట్లు ఎక్కడ వెడల్పుగా ఉన్నాయో చూడండి. బట్టలుతుక్కునే రేవుకి నాలుగైదు మెట్లుంటే చాలు. సరుకు దిగిన రేవుకి అవి చాలవు, పైన బండి తిరిగేంత ఖాళీ కూడా కావాలి. రోడ్లు రాకముందు ధాన్యం, బియ్యం, కొబ్బరి, కలప, పెళ్ళివారు అన్నీ పడవల్లోనే వచ్చేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవని లాగేవారు. మీరు నడుస్తున్న గట్టు అప్పట్లో వాళ్ళు నడిచిన దారే. అందుకే పాత రైసుమిల్లులు, గిడ్డంగులు కాలువని ఆనుకుని ఉంటాయి. ఒక పాత మిల్లు కనిపిస్తే దాని రోడ్డువైపు గేటు, కాలువవైపు గోడ రెండూ చూడండి. కాలువవైపు మూసేసిన ద్వారం ఆనవాలు దొరికితే ఆ రోజు నడక గిట్టుబాటయినట్టే.

పశ్చిమ డెల్టాలోని ఏలూరు కాలువ ఏలూరు దగ్గర కృష్ణా కాలువని కలుస్తుంది. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా పడవలు మద్రాసు దాకా వెళ్ళేవి. ఆ దారిని 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించారు కూడా. మీ కళ్ళముందు ఉన్న గుర్రపుడెక్క చూస్తే నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

హెచ్చరికలు కొన్ని. ఇవి చదవకుండా దాటేయకండి.

రేవు మెట్లలో నీటి అంచున ఉండే రెండు మెట్లకి పాచి పట్టి ఉంటుంది. ఫొటో కోసం ఆ మెట్టు మీదికి దిగకండి. కాలువ పైకి నిదానంగా కనిపిస్తుంది, అడుగున లాగుతుంది. తూము, లాకు, వంతెన స్తంభాల దగ్గర మరీను. ఈత వచ్చినా దిగొద్దు.

రేవులో ఆడవాళ్ళు బట్టలుతుకుతుంటే, స్నానాలు చేస్తుంటే ఫోను జేబులో పెట్టేయండి. ఆ పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే "అమ్మా, ఇలా వెళ్ళొచ్చా?" అని ఒక మాట అడిగితే చాలు, వాళ్ళే దారి చూపిస్తారు. పెద్దాయన ఎవరైనా గట్టు మీద కూర్చుని ఉంటే "బాబాయ్ గారూ, పూర్వం పడవలు ఏ రేవులో ఆగేవండీ?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే సమాచారం ఏ బోర్డు మీదా దొరకదు. తీరిక చేసుకుని అడగండి, అరగంట పడుతుంది.

ఊరు దాటాక చేపల, రొయ్యల చెరువుల గట్ల మీదికి అడ్డదారిన వెళ్ళకండి. ఏరియేటర్ల కరెంటు తీగలు నేలమీదే ఉంటాయి, కాపలా కుక్కలుంటాయి. పైగా రొయ్యల చెరువు మీద కొత్తమనిషి కనిపిస్తే ఎవరికైనా అనుమానమే.

సందెవేళ గడ్డి ఎక్కువగా ఉన్న గట్టు మీద నడవొద్దు. పాములు.

6. డచ్చివారి సమాధులు చూడాలనుకుంటే అడిగి వెళ్ళండి.

పాలకొల్లు గురించి చదివి వచ్చేవాళ్ళు వెతికేది ఇదే. పెద్ద గేటు, టిక్కెట్టు, గైడు ఉంటాయనుకుని రాకండి. "డచ్చివాళ్ళ సమాధులు ఎటండీ?" అని ముసలివాళ్ళని, స్కూలు మాస్టార్లని అడగండి. కుర్రాళ్ళలో చాలామందికి తెలియదు. తాళం వేసి ఉంటే గోడ దూకొద్దు. రాతి మీద అక్షరాలు కనపడకపోతే సుద్దతో, నూనెతో రుద్దకండి, రాయి పాడవుతుంది. ఫోను టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చెక్కిన గీతలకి నీడ పడి అక్షరాలు తేలతాయి. దొరక్కపోతే బాధపడక్కర్లేదు. రేవులు చూడటానికి ఇంకో గంట మిగిలిందనుకోండి.

7. పన్నెండు నుంచి మూడున్నర దాకా పడుకోండి.

సరదాకి అనడం లేదు. గుళ్ళు మూసి ఉంటాయి, సగం షాపులు కునుకు తీస్తాయి, ఎండ నడినెత్తిన ఉంటుంది. భోజనం చేసి గదికి వెళ్ళిపోండి. గది తీసుకోనివాళ్ళు ఈ సమయంలోనే నరసాపురం బస్సెక్కేయండి.

8. నరసాపురం చేరడం: మూడు దారులు.

రైలు: మధ్యలో గోరింటాడ ఒక్కటే స్టేషను. నరసాపురంతో పట్టాలు అయిపోతాయి, దిగడం మరిచిపోయే ప్రమాదం లేదు. టైము కుదిరితే ఇదే మంచిది. పట్టాల వెంట నడిచి వెళ్ళే ఆలోచన మాత్రం చేయకండి.

బస్సు లేదా షేర్ ఆటో: ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి.

నడక: పది కిలోమీటర్లూ నడుస్తామనే ఉత్సాహవంతులు ఎప్పుడూ ఉంటారు. నేను వద్దనే చెబుతాను. కాలువ పక్కనే వెళ్ళే రోడ్డు మీద చేపల లారీలు, స్కూలు బస్సులు ఆగకుండా తిరుగుతాయి. దిగమర్రు దగ్గర జాతీయ రహదారి కలుస్తుంది, అక్కడ రోడ్డు దాటడమే పెద్ద పని. నడవాల్సిందే అంటే తెల్లవారుజామున, బళ్ళకి ఎదురుగా ఉండేలా రోడ్డు కుడివైపున, లేతరంగు చొక్కా వేసుకుని నడవండి. దిగమర్రు దాకా ఆటోలో వెళ్ళి అక్కడినుంచి నడవడం ఇంకొక పద్ధతి.

9. సాయంత్రం వలంధర రేవు.

నరసాపురంలో కాలువని కాసేపు మరిచిపోండి. ఇక్కడ ఊరి ముఖం గోదావరి వైపు. ఆదికేశవ ఎంబెరుమన్నార్ కోవెల చూసుకుని, ఐదింటికల్లా వలంధర రేవు చేరండి. సూర్యాస్తమయానికి వచ్చే జనం నీళ్ళ మీద పడే రంగులు చూసి వెళ్ళిపోతారు. మీరు మెట్లు చూడండి. సముద్రం దగ్గరే కాబట్టి ఇక్కడ గోదావరికి పోటు, పాటు ఉంటాయి. మెట్ల మీద తడి గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, అటూ ఇటూ తిరిగి గంట తర్వాత మళ్ళీ చూడండి. గీత నీళ్ళకంటే పైనే ఉండిపోతే పాటు, మెట్టు మునిగితే పోటు. పోటు వేళ నది వెనక్కి పారుతున్నట్టు కనిపిస్తుంది. పొద్దున ఆకు వేసి చూసిన కాలువకీ దీనికీ ఎంత తేడానో అప్పుడు తెలుస్తుంది. అక్కడ మనుషులు తలుపులు పెట్టి నడిపే నీళ్ళు, ఇక్కడ సముద్రం నడిపే నీళ్ళు.

ఒక సంగతి. బాపు పుట్టింది నరసాపురంలో, ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరంలో. నీళ్ళు బయల్దేరే చోట ఒకరు, నీళ్ళు చేరే చోట ఒకరు.

10. రెండోరోజు పొద్దున్నే పంటు ఎక్కండి.

మాధవాయిపాలెం రేవు నుంచి అవతల సఖినేటిపల్లికి పంటు వెళ్తుంది. మనుషులు, మోటారుసైకిళ్ళు, కార్లు, గడ్డిమోపులు, అన్నిటికీ అదే. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ మకాం పెట్టింది ఈ మాధవాయిపాలెంలోనే. ఆ కాలపు కట్టడాల కోసం వెతక్కండి, రేవులో జనాన్ని చూడండి చాలు.

ఎక్కేటప్పుడు: వచ్చిన పంటు మీద నుంచి బళ్ళన్నీ దిగేదాకా పక్కన ఆగండి. మోటారుసైకిళ్ళవాళ్ళు ఆగరు. ఎక్కాక మధ్యలో కాకుండా అంచు రెయిలింగ్ దగ్గర నిలబడండి. అవతలి ఒడ్డున పంటు నేలకి తగిలినప్పుడు ఒక కుదుపు ఉంటుంది, అప్పటికి చేత్తో ఏదో ఒకటి పట్టుకుని ఉండండి. ఫోను మాత్రం కాదు.

అవతలి ఒడ్డు కోనసీమ జిల్లా. కొబ్బరి తోటల మధ్య గంటసేపు నడిచి తిరిగి రావచ్చు. ఓపికుంటే ఆటోలో అంతర్వేది వెళ్ళి లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు చూసి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. భీష్మ ఏకాదశి రోజుల్లో అక్కడ కల్యాణం, రథోత్సవం. ఆ వారం పంటు మీద కాలు పెట్టడానికి చోటుండదు.

వెళ్ళేముందు రేవులోనే అడగాల్సింది: "ఆఖరి పంటు ఎన్నింటికండీ?" వాన, గాలి, నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. ఇది అడక్కుండా వెళ్ళినవాళ్ళు చించినాడ వంతెన మీదుగా ఆటోకి బోలెడు సమర్పించుకుని తిరిగొస్తారు.

11. లేసు కొనాలనుకుంటే తిప్పి చూడండి.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో వేలమంది ఆడవాళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ షాపులో ఉన్నదంతా చేత్తో అల్లిందే అనుకోకండి.

చూసే పద్ధతి: ముక్కని వెనక్కి తిప్పండి. చేతి అల్లికలో దారం మొదలైన చోటో, ముగిసిన చోటో చిన్న ముడి, లోపలికి దోపిన కొస దొరుకుతుంది. ఒకే పువ్వుని రెండు చోట్ల పోల్చి చూడండి. చేతిపనిలో ఒక రేకు రవ్వంత బిగువుగా, ఇంకోటి వదులుగా ఉంటుంది. అచ్చు గుద్దినట్టు అన్నీ ఒకేలా ఉండి, అంచుల్లో కత్తిరించిన దారాలు పీచులా లేస్తుంటే అది మిషను పని. తెలుపు మరీ మెరుస్తుంటే నూలేనా అని అడగండి.

బేరం గురించి నా అభిప్రాయం: షాపులో ఆడండి. అల్లిన ఆవిడ దగ్గరే కొంటుంటే ఆడకండి. ఒక టేబుల్ గుడ్డకి ఎన్ని రోజులు పట్టిందో ముందు అడిగితే బేరమాడాలని మీకే అనిపించదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రెండు రోజుల్లో ఐదు ఊళ్ళు పెట్టుకోవడం. "ఎలాగూ వచ్చాం కదా" అని భీమవరం, ద్రాక్షారామం, పేరుపాలెం బీచి కలిపేస్తారు. అప్పుడది నడక కాదు, డ్రైవరుతో గొడవ.

గుడి చూసి ఊరు చూశామనుకోవడం. పంచారామాల బస్సులో వచ్చిన లక్షలమంది పాలకొల్లు వచ్చారు, కాలువ ఎటుందో తెలియకుండానే వెళ్ళారు.

చీకటి పడ్డాక గట్టు మీద నడవడం. వీధిలైట్లు వంతెనల దగ్గరే ఉంటాయి.

కొబ్బరి బొండం నీళ్ళతో సరిపెట్టుకుని మంచినీళ్ళు తాగకపోవడం. ఇక్కడి ఉక్కలో చెమట పట్టినట్టే తెలియదు, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది.

నడక సరిగ్గా జరిగిందా లేదా తెలుసుకోవాలంటే మొదటిరోజు రాత్రి ఒక కాగితం మీద ఊరి పటం గీయండి. కాలువ, పారుదల బాణం, మీరు దాటిన వంతెనలు, ఒక రేవు, గోపురం. ఫోను చూడకుండా ఈ ఐదూ పెట్టగలిగితే బాగా నడిచినట్టే. బాణం ఎటు పెట్టాలో తేల్చుకోలేకపోతే మర్నాడు పొద్దున్నే మళ్ళీ వంతెన దగ్గరికి వెళ్ళి ఆకు వేసి రండి.

ఇంకోరోజు ఉంటే, లేదా ఒక్కరోజే ఉంటే

మూడో రోజు దొరికినవాళ్ళు కాలువ మొదలు చూడండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ కలిపి ఒక పూట పని. ఇక్కడి నుంచి విడిపోయే కాలువలే డెల్టాలో దాదాపు పది లక్షల ఎకరాలు తడుపుతాయి. లాకులు దగ్గరగా చూడాలన్న సరదా ఉంటే పాలకొల్లు నుంచి మార్టేరు దారిలో కవిటం లాకుల దగ్గర ఆటో ఆపించుకోండి. తలుపుల మీదుగా అవతలికి నడవొద్దు, గట్టు మీద నుంచి చూడండి.

ఒక్కరోజే ఉండి, అమలాపురం వైపు నుంచి వస్తున్నవాళ్ళకి పి.గన్నవరం చెబుతాను. నది మీద కాలువని దాటించిన చోటు అది. 1850ల్లో కట్టిన పాత అక్విడక్టు, దాని పక్కన డొక్కా సీతమ్మ పేరుతో కొత్త అక్విడక్టు రెండూ కనిపిస్తాయి. కింద వైనతేయ గోదావరి, పైన కాలువ. వరద రోజుల్లో కాకుండా, ఉదయం ఎనిమిదిలోపు వెళ్ళండి.

పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు మెట్టు 5ని అరగంటకి కుదించి, పంటు మాత్రం వదలకుండా పెట్టుకోండి. పంటు మీద కూర్చోవడానికి చోటు ఉంటుందన్న నమ్మకం లేదు, మడత కుర్చీ ఒకటి వెంట ఉంటే నయం. చిన్నపిల్లలుంటే రేవుల దగ్గర చెయ్యి వదలొద్దు.

తిరుగు ప్రయాణానికి నరసాపురంలోనే బండి ఎక్కండి. బయల్దేరే స్టేషను కాబట్టి ముందే వెళ్ళి కూర్చోవచ్చు, సామాను పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. పాలకొల్లులో ఎక్కితే బండి కాసేపే ఆగుతుంది. ఆదివారం సాయంత్రం బండికి మీ ఊళ్ళో బయల్దేరకముందే రిజర్వేషను చేయించుకోండి, ఆఖరి నిమిషంలో దొరకదు.